లూయీస్ బ్రూక్స్: ముందు ఏ సినిమా చూడాలి?

15 ఏళ్లకే డెనిషాన్ నృత్య బృందంలో చేరి, తర్వాత సినిమాల్లోకి వచ్చిన అమెరికన్ నటి లూయీస్ బ్రూక్స్. ఆమెను చూడాలంటే రెండు జర్మన్ మూకీలతో మొదలుపెట్టడం మేలు: 'పండోరాస్ బాక్స్', 'డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్'. రెండూ 1929వే, రెండింటికీ దర్శకుడు పాబ్‌స్టే.

సమయం: పండోరా రెండు గంటలు దాటుతుంది. డైరీ అంతకంటే చిన్నది.

ఓపిక: పండోరాలో మనుషులు ఎక్కువ, మొదట్లో కాస్త తికమక. డైరీ సూటిగా సాగుతుంది, మందుల షాపాయన కూతురి కథ.

మనసు మీద బరువు: రెండూ బరువే. డైరీలో, అమ్మాయిలను దిద్దడానికి ఉంచే హాస్టల్‌లో వార్డెన్ కొట్టే తాళానికి అమ్మాయిలంతా ఒకేసారి చెంచాలెత్తి సూప్ తాగే సీన్ నన్ను వారం రోజులు వదల్లేదు.

నాట్యం: ఇక్కడ పండోరాకి పోటీ లేదు. పెళ్లి బట్టల్లో ఉన్న లులు (బ్రూక్స్ పాత్ర) ఇంకో స్త్రీతో కలిసి ఆడుతుంటే, ఆ భుజాలు, ఆ మెడ తిప్పడం చూడండి. డాన్సర్ కాని నటికి అది రాదు.

మూకీలు అలవాటు లేకపోతే డైరీతో మొదలుపెట్టండి. నాట్యమంటే ఇష్టమైతే మాత్రం నేరుగా పండోరాకే వెళ్లండి, రాత్రి ఫోన్ పక్కన పెట్టి.