మొదటి పాత కారు ఏది తీసుకుంటే మేలు: అంబాసిడరా, పద్మినా, మారుతి 800నా?

మన నల్లగొండ, పాలమూరు వైపు పాత కార్లు బాగుచేసుకోవాలనే ఇష్టం ఈమధ్య బాగా పెరిగింది. డిగ్రీ అయిపోయిన పిల్లలు, రిటైరైన సార్లు, ట్రాక్టర్ షెడ్డు నడిపే అన్నలు, ఎవరు కలిసినా అడిగేది ఒకటే. చేతిలో పెద్దగా డబ్బు లేదు, పని సొంతంగా నేర్చుకోవాలి, ఏ బండి తీసుకోమంటవ్?

నా జవాబు ముందే చెప్పేస్తా. కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న మారుతి 800 తీసుకోండి. ఇంటి ముందు షెడ్డు వేసుకునే జాగా, దగ్గర్లో పాతకాలపు మెకానిక్ ఉంటే అంబాసిడర్ కూడా మంచిదే. ఫియట్ పద్మిని మాత్రం మొదటి బండిగా వద్దు, రెండో బండిగా చూద్దాం. దీనిమీద నాతో గొడవపడేవాళ్లు చాలామందే ఉంటారు, అంబాసిడర్ ప్రేమికులైతే మరీ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

బండి ఎంచుకునేటప్పుడు అందం పక్కన పెట్టి నాలుగు విషయాలు చూడాలి. సామాను ఎక్కడ దొరుకుతుంది, పని తెలిసినాయన ఎంత దూరంలో ఉన్నాడు, తుప్పు ఎంతవరకు తిన్నది, కాగితాలు సరిగ్గా ఉన్నాయా. ఇంజన్ గురించి అందరూ టెన్షన్ పడతారు గానీ ఇంజన్ పనికి ఒక లెక్క ఉంటుంది. సిలిండర్ బోరింగ్‌కి ఇంత, పిస్టన్ రింగులకి ఇంత, లేత్ పనికి ఇంత అని ముందే అడిగి తెలుసుకోవచ్చు. బాడీకి ఆ లెక్క ఉండదు. ఒకచోట రేకు కోస్తే పక్కన ఇంకోటి బయటపడుతుంది, అది తీస్తే దాని కింద మరొకటి, డెంటింగ్ వాళ్ల కూలి రోజురోజుకీ ఎక్కుతూనే ఉంటుంది. బడ్జెట్‌లో చేయాలనుకునేవాళ్లు ఇంజన్ ఆగిపోయిన బండినైనా తీసుకోవచ్చు, బాడీ కుళ్లిన బండి దగ్గరికి మాత్రం పోవద్దు. ఈ విషయంలో మనం కొంత అదృష్టవంతులమే. మనది పొడి వాతావరణం, దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో చెట్టు కింద ఏళ్లతరబడి నిలబడ్డ బండి, విశాఖపట్నం సముద్రపు గాలిలో నిలబడ్డ బండి కంటే చాలా నయంగా ఉంటుంది. చవకగా వస్తోందని కోస్తా నుంచి తెచ్చుకునే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసింది. మన దగ్గర కలెక్టర్లు, ఎమ్మెల్యేలు తిరిగింది ఇందులోనే. నేర్చుకునేవాడికి ఇందులో ఉన్న గొప్ప సుఖం, బానెట్ ఎత్తితే అంతా కనబడుతుంది. ఇంజన్‌కి అటూ ఇటూ చేయి పెట్టడానికి బోలెడు జాగా. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి సిలిండర్లుండే బ్లాకూ ఇనుమే, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ ఇనుమే, కాబట్టి కాస్త వేడెక్కినా అంత తొందరగా వంకరపోదు. పాత మోడళ్లలో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి 0.4 మిల్లీమీటర్ల దగ్గర సెట్ చేసి, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ శబ్దం మారడం మీ చెవులకే వినిపిస్తుంది. ఇగ్నిషన్ ఎట్లా పనిచేస్తుందో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

ఒక చిక్కుంది, చాలామంది బండి ఇంటికి తెచ్చాకగానీ తెలుసుకోరు. ఈ ఇంజన్ నట్టు బోల్టులు అంగుళాల లెక్క. మీ దగ్గరున్న 10, 12, 14 నంబర్ పానాలు వాటికి సరిగ్గా కూర్చోవు, బలవంతంగా తిప్పితే బోల్టు తల అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఊడదీయడానికి వెల్డింగ్ షాపుకి పోవాలి. 7/16, 1/2, 9/16 సైజులు విడిగా కొనుక్కోవాలి. మన పల్లెల్లో దీనికి ఒక దారి ఉంది. పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద చేయి తిరిగిన మెకానిక్ దగ్గర ఈ పానాలు ఉండే అవకాశం ఎక్కువ, పైగా ఆయనకి ఇట్లాంటి బరువైన ఇనుప ఇంజన్ కొత్తేమీ కాదు. కల్వకుర్తిలోనో హాలియాలోనో అట్లాంటి పెద్దాయన ఒకరు మీకు తెలిసి, "అన్నా, ఆదివారం ఒక గంట నా బండి దగ్గర నిలబడు" అని అడిగే చనువు ఉంటే, అంబాసిడర్ మీద నాకున్న అభ్యంతరాల్లో సగం పోయినట్టే.

మిగతా సగం బరువు, సామాను. బండి వెయ్యి కిలోల పైనే ఉంటుంది. ఇంజన్ దించాలంటే చైన్ పుల్లీ, దాన్ని మోసే గట్టి దూలం కావాలి, రేకుల షెడ్డు పైపుకి వేలాడదీస్తే ప్రాణాల మీదికొస్తుంది. సామాను కోసం హైదరాబాద్ రాణిగంజ్‌కో, సూర్యాపేట మీదుగా విజయవాడ ఆటోనగర్‌కో పోవాలి, అక్కడ కూడా లేని వాటికి కోల్‌కతా వాళ్లని ఫోన్లో పట్టుకోవాలి. దొరకవని కాదు, దొరికేదాకా బండి విప్పినట్టే పడి ఉంటుంది. డీజిల్ అంబాసిడర్ అయితే ఇంకో మాట. ఇంజెక్షన్ పంపు పని ఇంట్లో చేసుకునేది కాదు, పంపుని పరీక్షించే బెంచ్ ఉన్న షాపుకే ఇవ్వాలి, కాబట్టి నేర్చుకోవడానికైతే పెట్రోలే తీసుకోండి.

మారుతి 800 సంగతి. మొదటి కారు తాళాలు 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చారు, 1986లో ఇప్పుడు మనం చూసే గుండ్రటి బాడీ వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, బండి మొత్తం బరువు 650 కిలోల చుట్టుపక్కలే. ఒంటరిగా పనిచేసేవాడికి ఈ బరువు ఎంత సాయమో జాకీ ఎత్తినప్పుడే తెలుస్తుంది. ఇంజన్‌ని పైన ఉన్నవన్నీ విప్పేసి తేలిక చేస్తే, పెద్ద ఏర్పాట్లేమీ లేకుండానే ఇద్దరు ముగ్గురు కలిసి బయటికి తీయొచ్చు. పానాలన్నీ మామూలు మిల్లీమీటర్లవే. సామాను? అచ్చంపేటలో స్పేర్ షాపుకి పోయి మారుతి 800 క్లచ్ ప్లేట్ అంటే కౌంటర్ మీద పెడతాడు, లేదంటే సాయంత్రానికి తెప్పిస్తాడు. శనివారం విప్పింది ఆదివారం బిగించగలిగితేనే మనిషికి ఉత్సాహం నిలుస్తుంది. పని తెలియక బండి వదిలేసినవాళ్ల కంటే, సామాను కోసం ఎదురుచూసి విసుగెత్తి వదిలేసినవాళ్లనే నేను ఎక్కువ చూశా.

దీనికీ లోపాలున్నాయి. హెడ్డు అల్యూమినియం, వేడెక్కితే వంగుతుంది, హెడ్డుకీ బ్లాకుకీ మధ్యనుండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఇక్కడే మన నీళ్ల సంగతి వస్తుంది. నల్లగొండ బోరు నీళ్ల గురించి కొత్తగా చెప్పాలా? ఫ్లోరైడ్ బాధ ఒకటైతే, ఆ నీళ్లలోని ఉప్పులు మరొకటి. బకెట్ అడుగున, గీజర్ లోపల పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లో కూడా పేరుకుంటుంది, గొట్టాలు సన్నబడి మే నెల ఎండలో బండి ఉడికిపోతుంది. ఏ పాత కారు తెచ్చినా తప్పక చేయాల్సిన పని రేడియేటర్ విప్పి కడిగించడం, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడం. పెట్రోల్ బంకులో గాలి కొట్టించేటప్పుడు పక్కనున్న నల్లా నీళ్లు పట్టి పోసే అలవాటు ఇవాళే మానేయండి. మారుతి అయితే ఆ తర్వాత వాల్వుల్ని ఇంజన్‌తో కలిపి తిప్పే టైమింగ్ బెల్ట్ కూడా మార్చండి, పాత ఓనర్ మొన్ననే మార్చానని ఒట్టేసినా సరే.

రెండో లోపం రేకు. మారుతి రేకు పల్చన, అందుకే కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుపోండి. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి వెనక చక్రం పైన వంపు, తలుపుల కింది అంచు, తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే పట్టీ మీద మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ దట్టంగా మెత్తినచోట జారిపోతుంది. తర్వాత డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తి బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమని పొరలు రాలితే ఫ్లోర్ పోయినట్టే. బానెట్ ఎత్తి బ్యాటరీ కింద ట్రే చూడండి, యాసిడ్ కారి ముందు అక్కడే తింటుంది. ఆఖరికి ముందు షాకబ్జార్బర్ పై భాగం బాడీకి బిగించిన చోటు చూడండి. అక్కడ పగులుగానీ తుప్పు రంధ్రంగానీ ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి, అది బండి బరువు మోసే చోటు.

పద్మిని గురించి ఎక్కువ రాయను. ఫియట్ 1100 డిలైట్ నుంచి వచ్చిన బండి, 1089 సీసీ ఇంజన్ తియ్యగా తిరుగుతుంది, స్టీరింగ్ పక్కనున్న గేరు వేస్తుంటే ఆ ఆనందమే వేరు. కానీ దాని ప్రాణం ముంబై టాక్సీలతో ముడిపడి ఉంది. అక్కడ చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్ ఆఖరున ఆగింది. మన జిల్లాల నుంచి దాని సామాను పట్టుకోవాలంటే ఓపిక, తెలిసినవాళ్లు, చేతిలో కాస్త డబ్బు మూడూ కావాలి. పని వచ్చాక తీసుకుంటే అవన్నీ భరించొచ్చు. ఇదివరకు పల్లెలకి జనాన్ని తిప్పిన కమాండర్ జీపులు చూసి మనసు పడేవాళ్లకి ఒక మాట: అవి చాలావరకు పసుపు నంబర్ ప్లేటువి, ఫిట్‌నెస్, పాత పన్ను బకాయిలు, సొంత వాడకానికి మార్చుకోవడం అని ఆఫీసు చుట్టూ తిరిగే పని ఎక్కువ.

కాగితాలు. ఏపీ 22, ఏపీ 24 నంబర్ బండ్లు చూడగానే మనకి ప్రేమ పుడుతుంది, అర్థం చేసుకోగలను, కానీ ఆర్‌సీ లేని బండిని ప్రేమతో కూడా కొనకండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్రని ఆర్‌సీతో అంకె అంకె పోల్చుకోండి. సొంత కారుకి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. దాని ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇక్కడ అంబాసిడర్‌కి ఒక మొగ్గుంది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. 20,000 కడితే ఆ నమోదు పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవాలంటే 5,000. కానీ వింటేజ్ నంబర్ వేశాక రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోల్ కోసం, రిపేరు కోసం మాత్రమే. మారుతికి ఆ వయసు రావడానికి ఇంకా చాలా టైముంది.

పెట్రోల్ విషయంలో రెండూ ఒక పడవలోవే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, గాలిలో తేమని లాక్కుంటుంది, నెలలకొద్దీ నిలబెడితే ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, కార్బొరేటర్ కిట్టు ముందే మార్చేయండి, బండి నిలబెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి. అంబాసిడర్‌కి అదనంగా ఇంకోటి: మన దేశంలో సీసం కలిసిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది, వాల్వులు కూర్చునే సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే, కాబట్టి అంతకుముందు కాలం ఇంజన్ విప్పినప్పుడు హెడ్డుకి గట్టి వాల్వ్ సీట్లు వేయిస్తే మళ్లీ విప్పే పని తప్పుతుంది.

ఏది తెచ్చినా పని మొదలుపెట్టేది బ్రేకుల దగ్గర. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి సిలిండర్లు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవి. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, పాత బ్రేక్ లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. రంగు అన్నిటికంటే ఆఖరు. చాలామంది ఉత్సాహంలో బండి మొత్తం ఒకేసారి విప్పేస్తారు, నా మాట విని అట్లా చేయకండి. బ్రేకులు విప్పి, బిగించి, నడిపి చూసి, ఆ తర్వాతే కూలింగ్, ఆ తర్వాతే కార్బొరేటర్. చిన్న ఇనుప భాగాల తుప్పుకి బట్టల సోడా కలిపిన నీళ్లు, పాత బ్యాటరీ చార్జర్ చాలు. ఆ నీళ్లలో ముంచిన భాగానికి చార్జర్ నెగటివ్ వైరు, పక్కన ముంచిన పాత ఇనుప ముక్కకి పాజిటివ్. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్ కాకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి బయట గాలిలో, నిప్పుకి దూరంగా పెట్టండి.

నేను మారుతి అన్నానని తాతగారి అంబాసిడర్ ఇంట్లో పెట్టుకుని బజార్లో మారుతి వెతకొద్దు. ఇంటి బండికి చరిత్ర తెలుసు, ఎప్పుడు ఏం మార్చారో నాన్నకో బాబాయికో గుర్తుంటుంది, కొనే ఖర్చూ లేదు. అప్పుడు అదే చేయండి, అంగుళాల పానాలు కొనుక్కుని మరీ చేయండి. కాకపోతే ఆర్‌సీ చనిపోయినవారి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31 పెట్టి మీ పేరుకి మార్పించుకోండి, దానికి మరణ ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు కావాలి. బండి తుప్పు పట్టి మూలన ఉన్నప్పుడు అన్నదమ్ములు సంతోషంగా సంతకం పెడతారు, మెరిసేట్టు చేశాక అడిగితే మాటలు వేరేగా ఉంటాయి.