స్క్రబ్ టైఫస్ ఐఎఫ్ఏ కిట్: ఒక వానాకాలం వాడాక

వానలు మొదలైతే మా ల్యాబ్‌లో జ్వరం శాంపిల్స్‌కు లెక్కుండదు. డెంగీ నెగటివ్, మలేరియా నెగటివ్, జ్వరం మాత్రం దిగదు. పొదల్లో ఉండే సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరమేమోనని, ఇన్నాళ్లూ వీటికి వీల్-ఫెలిక్స్ అనే పాత రక్తపరీక్ష చేసి పంపేవాళ్లం. అది స్క్రబ్ టైఫస్ క్రిమితో చేసేది కాదు, ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియాతో చేసేది, అందుకే చాలా కేసులు చేజారిపోతాయి. ఆ బాధ పడలేకే ఈ ఐఎఫ్ఏ కిట్ తెప్పించాం, అంటే రక్తంలోని యాంటీబాడీలను మెరిసే రంగుతో మైక్రోస్కోప్‌లో చూపించే పరీక్ష.

స్లైడ్ మీది చిన్న గుంటల్లో (వెల్స్) స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా క్రిమి ఉన్న కణాలు అంటించి ఉంటాయి. సీరమ్‌ని 1:64 నుంచి పలచన చేసుకుంటూ వేసి, 37 డిగ్రీల్లో తడి డబ్బాలో అరగంట ఉంచి, కడిగి, ఫ్లోరోసీన్ అనే మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ (కాంజుగేట్) వేసి మళ్లీ అరగంట. రోగి రక్తంలో ఆ క్రిమిపై యాంటీబాడీలుంటేనే ఇది పట్టుకుంటుంది, లేకపోతే కడుగులో పోతుంది. లైట్లు ఆర్పి నీలి కాంతిలో చూస్తే ఎర్రటి మసకలో లేతాకుపచ్చ పొట్టి కడ్డీలు మెరుస్తాయి! మొదటి పాజిటివ్ పొలం పనికెళ్లే ఒకామెది. ఫోన్ చేసి చెప్పగానే డాక్టరు గారు మళ్లీ వెతికితే చీర కుచ్చిళ్ల కింద, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించింది, ఆ పురుగు కుట్టిన గుర్తు. నొప్పి లేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇక ఇబ్బందులు. మొదటి బాక్స్ ఎండాకాలంలో ఐస్ ప్యాక్‌లు కరిగిపోయి వచ్చింది, 2–8 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు. తప్పకుండా మెరవాల్సిన పాజిటివ్ కంట్రోల్ శాంపిలే వెలవెలబోయింది, పది రోజులు వాదిస్తే గానీ డీలర్ మార్చలేదు. వచ్చిన రోజే కంట్రోల్స్ వేసి చూడండి. కాంజుగేట్ వయల్‌కి వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టండి, స్లైడ్ అదే రోజు చదివేయండి, మర్నాటికి మెరుపు తగ్గిపోతుంది. చదవడం పూర్తిగా కంటి మీద ఆధారపడ్డ పని, మెరుపు కనిపించే చివరి పలచన (దాన్నే టైటర్ అంటాం) దగ్గర నాకూ మా సీనియర్ మేడమ్‌కీ తేడా వస్తూనే ఉంటుంది, అందుకే ప్రతి స్లైడూ ఇద్దరం విడివిడిగా చూస్తాం.

జ్వరం మొదటి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా పుట్టవు, కాబట్టి నెగటివ్ వచ్చినా జబ్బు లేదనుకోకూడదు. రెండు వారాలకి రెండో శాంపిల్‌లో టైటర్ నాలుగు రెట్లు పెరిగితేనే గట్టి రుజువు, కానీ జ్వరం తగ్గినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టమనే డాక్టర్లకు చెబుతున్నాం.

ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ లేనివాళ్లు, రోజుకి ఒకటీ అరా శాంపిల్ వచ్చేవాళ్లు దీని జోలికి పోవద్దు, మైక్రోస్కోప్ అక్కర్లేని, యాంటీబాడీలను రంగు మార్పుతో చూపే ఐజీఎం ఎలైజా కిట్ తీసుకోండి. మేం రెండో బాక్స్ ఆర్డర్ పెట్టాం, దారిలో వేడెక్కిందో లేదో తెలిపే ఇండికేటర్ లేకపోతే తీసుకోమని ఈసారి ముందే రాసిచ్చాం.