ఢిల్లీని ఏమడగాలి? అత్యవసర తీర్మానమా, విపత్తుల జాబితాలో చోటా, చట్టమా: డెల్టాకి ఏది మేలు?

వాతావరణ మార్పుని జాతీయ అత్యవసర పరిస్థితిగా చూడమని కేంద్ర ప్రభుత్వాన్ని అడగాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. గోదావరి డెల్టాలో బతికేవాళ్ళెవరికీ ఉండదనే అనుకుంటాను. అయితే అడగడానికి కనీసం మూడు దారులున్నాయి. పార్లమెంటులో తీర్మానం చెయ్యమనొచ్చు. విపత్తుల జాబితాని మార్చమనొచ్చు. ఏటా లెక్క అప్పజెప్పక తప్పని చట్టం తెమ్మనొచ్చు. వినతిపత్రం రాసేటప్పుడు మనం ఈ మూడింటినీ ఒకే గంపలో వేసేస్తున్నాం. అడిగినవన్నీ ఒకచోట ఉంటే అందులో చవకైనది ఏరి మన చేతిలో పెట్టి పంపించేస్తారు. అందుకే దేన్ని గట్టిగా పట్టుకోవాలో ముందు మనలో మనం తేల్చుకోవాలి.

దేన్నిబట్టి తేల్చాలి? నా మటుకు నేను ఒక్కటే చూస్తాను: మెల్లగా జరిగే నష్టాన్ని ఏ దారి పట్టించుకుంటుంది?

తుపానొస్తే ఏం చెయ్యాలో ప్రభుత్వాలు నేర్చుకున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు తోటలే నేలకొరిగాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. రెండుసార్లూ పంట పోయింది, చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి. కానీ హెచ్చరిక ముందే వచ్చింది, తీరపు ఊళ్ళ జనాన్ని ముందే పునరావాస కేంద్రాలకి చేర్చారు, 1996 నాటి చావులు మళ్ళీ చూడలేదు. ఇది చిన్న సంగతి కాదు. ప్రభుత్వం ఒకదాన్ని అత్యవసరం అనుకుంటే ఏం చెయ్యగలదో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మెల్లగా పోయేదానికి ఈ ఏర్పాట్లేవీ లేవు. అమావాస్యకో పున్నానికో పోటు వేళ తీరానికి దగ్గర్లో ఏ మురుగు కాలువ గట్టు మీదైనా నిలబడి చూడండి. సముద్రానికి పోవాల్సిన నీరు ఆగుతుంది, కాసేపు కదలదు, తర్వాత ఎగువకి తిరుగుతుంది. నీటి మీద గుర్రపుడెక్క ఎటు పోతోందో చూస్తే చాలు. రైతు వంగి దోసిట్లో నీళ్ళు తీసి నాలిక్కి ఆనించి ఊసేస్తాడు. ఉప్పు తగిలితే ఇంజను కట్టెయ్యాలి. చూసుకోకుండా ఆ నీరు నారుమడికి పెట్టాడా, కొద్ది రోజుల్లోనే ఆకు కొసలు తెల్లబడి ఎండిపోతాయి. వేసవిలో చేలో తెల్లటి పొర తేలుతుంది. ఒక సార్వాకి (ఖరీఫ్ వరికి) నాలుగు బస్తాలు తగ్గుతాయి, మరుసటేడు ఇంకాస్త. తర్వాత దాళ్వా, అంటే రబీ వరి, మానేస్తాడు. ఆ తర్వాత చెరువు తవ్వేవాళ్ళకి లీజుకిచ్చేస్తాడు. చెరువు పక్కన మిగిలిన చేనుకి ఉప్పు ఇంకా ఎక్కుతుంది. ఇన్నేళ్ళలో ఏ ఒక్కరోజూ పంట నష్టం రాసుకోడానికి ఎవరూ రారు. ఎందుకంటే ఆ నష్టానికి తేదీ లేదు. ఇన్‌పుట్ సబ్సిడీ (పంట పోయిన రైతుకి ప్రభుత్వమిచ్చే సాయం) రావాలంటే ఒక విపత్తులో పంట 33 శాతమైనా పోవాలి. ఏటా కొంత కొంత పోయేవాడు ఆ గీతని ఎన్నటికీ చేరడు.

డెల్టాకి ఉత్తరపు అంచున ఉప్పాడలో ఇళ్ళ సంగతీ అంతే. తుపానులో గోడ కూలితే సాయం అడగడానికి ఒక దారుంది. అదే గోడ కిందనుంచి అలలు ఏడాదికింత ఇసుక లాగేసి, ఓ మామూలు పున్నం రోజున అది సముద్రంలో కలిస్తే ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలియదు.

నిజం చెప్పుకోవాలి, ఇదంతా వాతావరణ మార్పు ఒక్కటే చేసింది కాదు. గోదావరి మీదా ఉపనదుల మీదా పైనుంచి కింది దాకా కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది. ఒండ్రు రాని డెల్టా సముద్రానికి ఎదురు నిలవలేదు. మురుగు కాలువలు పూడిపోయాయి, కొన్నిచోట్ల ఆక్రమించారు. చెరువుల ఉప్పు సరే సరి. వీటికి తోడు ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకి చేరింది. తీరం వెంబడి నేల చాలాచోట్ల సముద్రానికి మీటరు, రెండు మీటర్ల ఎత్తులో మాత్రమే ఉన్న మనకి ఇది కాగితం మీది లెక్క కాదు. అలాగని పూడిక తియ్యని కాలువ తప్పుని కూడా వాతావరణం మీదకి నెట్టేసే నాయకుణ్ణి మనం ఒప్పుకోకూడదు. ఏ దారి పట్టినా ఈ తేడా చెరిగిపోకుండా చూసుకోవాలి.

తీర్మానం

బ్రిటన్ పార్లమెంటు 2019 మే 1న వాతావరణ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అదే నెలలో ఐర్లాండు, నవంబరులో యూరోపియన్ పార్లమెంటు, 2020 డిసెంబరులో న్యూజిలాండు ఆ పని చేశాయి. మనలాంటి డెల్టా దేశమైన బంగ్లాదేశ్ పార్లమెంటు కూడా 2019 నవంబరులో ఇలాంటి తీర్మానమే చేసింది. తీర్మానానికి ఖర్చు లేదు, త్వరగా అవుతుంది, దేశమంతా ఒక్కరోజైనా ఆ సంగతి మాట్లాడుకుంటుంది. దాన్ని తీసిపారెయ్యను.

కానీ కెనడాని చూడండి. 2019 జూన్ 17న అక్కడి ప్రజాప్రతినిధుల సభ అత్యవసర పరిస్థితి తీర్మానం చేసింది. మర్నాడే ప్రభుత్వం ట్రాన్స్ మౌంటెన్ చమురు పైపులైను విస్తరణకి అనుమతిచ్చింది. తీర్మానం దానికి అడ్డు రాలేదు, రావడం దాని వల్ల అయ్యేదీ కాదు. మన దగ్గరా అంతే. రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి యుద్ధానికి, విదేశీ దాడికి, సాయుధ తిరుగుబాటుకి మాత్రమే. అది వేరే సంగతి, మనం కోరేదీ అది కాదు. మనం అడిగే తీర్మానం సభ అభిప్రాయం అవుతుంది. ఆ అభిప్రాయాన్ని మర్చిపోతే ఏ కోర్టుకీ వెళ్ళలేం. ఇంకో భయం కూడా ఉంది. అత్యవసరం అన్న పేరుతో తీరం నుంచి మత్స్యకారుల్ని ఖాళీ చేయించి, ఆ జాగా ఇంకెవరికో అప్పజెప్పడం సులువవుతుంది. తీర్మానంలో ఆ రక్షణ రాయరు. దాన్ని రాయాల్సింది చట్టంలో.

జాబితా

విపత్తు సహాయ నిధి డబ్బు ఏ విపత్తులకి ఖర్చు పెట్టాలో కేంద్రం దగ్గర ఒక జాబితా ఉంది. తుపాను, వరద, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, సునామీ, వడగళ్ళు, కొండచరియలు విరిగిపడడం, మంచు చరియలు, కుంభవృష్టి, తెగుళ్ళు, చలిగాలులు. పన్నెండు. ఇందులో సముద్రపు కోత లేదు. నేల చౌడుబారడం లేదు.

విచిత్రమేమిటంటే 2005 విపత్తు నిర్వహణ చట్టం విపత్తుకి ఇచ్చిన నిర్వచనంలో పర్యావరణం పాడవడం కూడా ఉంది, జనం తట్టుకోలేనంత తీవ్రత ఉంటే చాలు. అంటే చట్టంలో తలుపు తెరిచే ఉంది, జాబితాలో మూసేశారు. జాబితా మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్రం ఉత్తర్వు చాలు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణ కోసం జాతీయ నిధిలో 1,500 కోట్ల రూపాయలు విడిగా సూచించింది కూడా. అంటే కోత సమస్యని గుర్తించలేదని కాదు. ఇల్లు పోయిన కుటుంబానికి అది హక్కుగా దక్కడం లేదు.

ఇందులో ఢిల్లీ దాకా పోకుండా అయ్యే ముక్క ఒకటుంది. రాష్ట్రాలు తమ విపత్తు సహాయ నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకి వాడుకోవచ్చు. కేరళ అలాగే తీరపు కోతని రాష్ట్ర విపత్తుల్లో చేర్చుకుంది. కేరళ చేసిన పని మన రాష్ట్రం ఎందుకు చెయ్యకూడదో నాకు ఒక్క కారణం కూడా కనబడదు.

ఈ దారి గొప్పదనం త్వరగా చేతికందడం. లోపం, నష్టం అయ్యాకే కదలడం. ఉప్పెక్కిన ఎకరానికి డబ్బొస్తుంది, వచ్చే ఏడాది పక్క ఎకరానికి ఉప్పెక్కకుండా ఏమీ ఆగదు. పైగా డెల్టాలో సేద్యం చాలావరకు కౌలు రైతుల చేతుల్లో ఉంది. కౌలు గుర్తింపు కార్డు లేని కౌలుదారుకి నష్టపరిహారం దక్కడం కష్టమని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. జాబితా ఎంత పెంచినా, సాగుచేసినవాడి పేరు రాయాలన్న షరతు లేకపోతే డబ్బు హైదరాబాదులో ఉన్న భూయజమాని ఖాతాకి పోతుంది.

చట్టం

బ్రిటన్‌లో తీర్మానానికి విలువొచ్చింది దాని వెనక 2008 నాటి వాతావరణ చట్టం ఉండబట్టి. ఆ చట్టం ప్రకారం ఐదేసి ఏళ్ళకి ఉద్గారాల పరిమితి ముందే పెట్టాలి. స్వతంత్ర కమిటీ ఏటా ప్రగతిని తూచి పార్లమెంటుకి చెబుతుంది, ప్రభుత్వం జవాబివ్వాలి. ప్రణాళిక సరిగా లేదని 2022లో ఒకసారి, 2024లో మరోసారి అక్కడి హైకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉద్గారాలు తగ్గించాల్సిందేనని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మాట తప్పితే నిలదీసే వీలుండడమంటే ఇదీ.

మనకి 2008లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, దాంట్లో ఎనిమిది మిషన్లు. 2021లో గ్లాస్గో సభలో 2070కల్లా నికర సున్నా ఉద్గారాలు సాధిస్తామని ప్రధాని ప్రకటించారు. ఈ మాటలు నిలబెట్టుకోకపోతే నిలదీసే చట్టం లేదు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లోనే ఉందని చెప్పింది. దేశంలో ఇందుకోసం సమగ్రమైన చట్టం లేదన్న సంగతీ ఆ తీర్పులోనే గుర్తుచేసింది. హక్కుందని కోర్టు చెప్పాక ఆ హక్కు ఎలా అమలవుతుందో రాయడం పార్లమెంటు పని.

"పాపం అమెరికాది, చట్టం మనకా?" అని రచ్చబండ దగ్గర ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికా తలసరి కార్బన్ ఉద్గారాలు మనకన్నా ఆరేడు రెట్లు ఎక్కువ. అందుకే మన చట్టం బ్రిటన్ చట్టానికి నకలు కానక్కర్లేదు. మన చట్టంలో మొదటి అధ్యాయం రక్షణ గురించి ఉండాలి: డెల్టాలకి ఒండ్రు ఎంత వదలాలి, మురుగు కాలువల ముఖద్వారాల్లో తలుపులు ఎవరు చూడాలి, కోరింగ మడ అడవుల్లాంటివాటిని ఎవరు కాపాడాలి, ఏటిగట్లు ఏ వరదకి లెక్కగట్టి కట్టాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. రేపటి వాన ఇంతకు మించితే ఎవరి బాధ్యతో ఇవాళ ఎక్కడా రాసిలేదు.

ఉద్గారాల మాట వదిలెయ్యమని కాదు. మన నేల కిందనుంచే సహజవాయువు తీస్తున్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, ఆ వెలుగు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పనుల మీద బతికే కుటుంబాలూ మన మధ్యే ఉన్నాయి. బావులు మూతపడేనాటికి వాళ్ళకేం చూపిస్తారో చట్టం చెప్పాలి. నీరు నిలిచిన వరిచేలనుంచి మీథేన్ వస్తుంది, నిజమే. నీరు పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టే పద్ధతిలో అది తగ్గుతుంది. కానీ కాలువ పారి, మురుగు దిగితేనే రైతు ఆ పని చెయ్యగలడు. ఆ పని ప్రభుత్వానిదే.

చట్టానికి ఏళ్ళు పడుతుంది. ముసాయిదాలో పళ్ళు పీకేసే ప్రమాదమూ ఉంది. అయినా నా ఓటు చట్టానికే. జాబితా మార్పుని అందులో భాగంగా కాకుండా విడిగా, ఈ ఏడాదే అడగాలి, ముందు రాష్ట్రాన్ని, తర్వాత కేంద్రాన్ని. తీర్మానం ఇస్తామంటే వద్దనక్కర్లేదు, కానీ అందులో చట్టం తెచ్చే గడువు రాసి ఉంటేనే దానికి మన చప్పట్లు. గడువు లేని తీర్మానం పట్టుకొచ్చిన ఎంపీకి దండ వెయ్యకండి.

వినతిపత్రం రాసేలోపు మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. తేదీ లేని నష్టానికి తేదీలు మనమే పెట్టాలి. నీటిలో, మట్టిలో ఉప్పు కొలిచే ఈసీ మీటరు చేతిలో ఇమిడే పరికరం. తీరానికి దగ్గరున్న ప్రతి పంచాయతీ ఒకటి కొని, ప్రతి అమావాస్యకీ పున్నానికీ పోటు వేళ మురుగు కాలువ నీరు కొలిచి, చోటు, తేదీ, అంకె పుస్తకంలో రాయించాలి. మట్టిలో ఉప్పు మీటరుకి 3 డెసీసీమెన్లు (ఆ పరికరం చూపించే కొలత) దాటితే వరి దిగుబడి పడిపోతుంది, కాబట్టి కోతలయ్యాక చేలల్లో మట్టి కూడా పరీక్ష చేయించాలి. దాళ్వా మానేసిన ఎకరాలు, సాగు చేసిన కౌలు రైతుల పేర్లతో సహా, అదే పుస్తకంలో ఎక్కాలి. దాన్ని గ్రామసభలో చదివి మినిట్స్‌లో పెట్టించి, ఆ నకలుని వినతిపత్రానికి జత చెయ్యాలి.