బూదవాడ అమ్మోనైట్ల కోసం: ఒంగోలు, అద్దంకి, ఇంకొల్లు వైపు ఒక యాత్ర

అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, చుట్టలు తిరిగిన గవ్వ ఉన్న సముద్ర జంతువు) శిలాజాలు చూడాలంటే గుజరాత్‌లో కచ్‌కో, తమిళనాడులో అరియలూరుకో వెళ్ళాలని అందరూ చెబుతారు. రెండూ గొప్ప చోట్లే. కానీ ఒంగోలుకి ఉత్తరాన, పంగులూరు వైపు ఉన్న బూదవాడ పేరు ఒక అమ్మోనైట్‌కి పెట్టారని మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. పాస్కోయైటిస్ బూదవాడెన్సిస్ అని దాని పేరు. పెట్టింది స్పాత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, 1933లో. మన పల్లెటూరి పేరు తొంభై ఏళ్ళుగా ప్రపంచ శిలాజ గ్రంథాల్లో ఉంది. ఊళ్ళో మాత్రం ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. ఇది రాయడానికి అదే కారణం.

వెళ్ళింది నేనూ, పదో తరగతి చదివే మా అమ్మాయీ, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే నా మిత్రుడూ. ఆయన లేకపోతే ఈ యాత్ర సగం వృథా అయ్యేది. ఎందుకంటే అక్కడ టికెట్ కొనుక్కుని చూసే చోటంటూ ఏదీ లేదు. రేగడి చేల మధ్య తక్కువ ఎత్తు మిట్టలు, వాగు గట్లు, బావి తవ్వి పోసిన మట్టి దిబ్బలు. చూపించేవాళ్ళు లేకపోతే ఏ రాయి దగ్గర ఆగాలో తెలియదు.

ముందు ఒక జాగ్రత్త. చీమకుర్తి మండలంలో ఇంకో బూదవాడ ఉంది. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే చాలాసార్లు అక్కడికే తీసుకుపోతుంది. అది గ్రానైట్ క్వారీల ఊరు. చీమకుర్తి గెలాక్సీ రాయి భూమి లోతులో కరిగిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడింది. అందులో ఏ ప్రాణి అచ్చూ దొరకదు. అలాగే మార్కాపురం, కంభం వైపు పలక రాళ్ళు కూడా. అవి వంద కోట్ల ఏళ్ళు దాటినవి, గవ్వ ఉన్న జంతువులు భూమ్మీద పుట్టకముందువి. అలాంటి రాళ్ళ మీద ఫెర్న్ ఆకుల్లా నల్లటి గీతలు కనిపిస్తే ఆకు శిలాజమని కొందరు అమ్ముతారు. అది పగుళ్ళలోకి దిగిన నీటిలోని మాంగనీసు ఖనిజం పేరుకున్న గుర్తు. డబ్బులిచ్చి కొనకండి.

ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకి మూడు దారులున్నాయి. ఒంగోలులో లాడ్జీలకి కొదవ లేదు, చాలా రైళ్ళు ఆగుతాయి, ఏసీ గది దొరుకుతుంది. మేము దిగిన లాడ్జి బస్టాండుకి దగ్గర. గది శుభ్రంగానే ఉంది, కానీ తెల్లవారుజాము నుంచే హారన్ల మోత. వేడినీళ్ళు ఏడింటి తర్వాతే ఇస్తామన్నారు. ఎండ ఎక్కకముందే చేలల్లో ఉండాల్సినవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది. అద్దంకిలో గదులు తక్కువ, సాదాసీదాగా ఉంటాయి, కానీ పొద్దున్నే బయల్దేరి చల్లగా ఉండగానే చూడాల్సింది చూసి రావచ్చు. పైగా అద్దంకికి దాని చరిత్ర దానికుంది. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనంలోని తరువోజ పద్యం ఇక్కడిదే. పక్కనే సింగరకొండ ఆంజనేయస్వామి గుడి. ఇంట్లోవాళ్ళు రాళ్ళ దగ్గరికి రామంటే వాళ్ళని చీరాల దగ్గర వాడరేవు సముద్రం ఒడ్డున ఉంచి, మీరు ఇంకొల్లు మీదుగా పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి రావచ్చు. శని, ఆదివారాల్లో అక్కడ రిసార్టుల రేట్లు బాగా పెరుగుతాయి, మామూలు రోజుల్లో అయితే ఫర్వాలేదు. నన్నడిగితే శిలాజాల కోసమే వెళ్ళేవాళ్ళకి అద్దంకి మేలు.

బండి విషయంలో మాకు కొంచెం టెన్షన్ అయింది. ముందే మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్ళు చెప్పిన కారు పంపకుండా చిన్నది పంపారు. చేల గట్ల దగ్గర ఆగినంతసేపూ వెయిటింగ్ చార్జీ అన్నారు. రెండోరోజు వాళ్ళని వదిలేసి అద్దంకిలోనే ఆటో మాట్లాడుకున్నాం. ఆ ఆటో అబ్బాయికి ప్రతి డొంకదారీ తెలుసు, ఏ వాగు గట్టు ఈ మధ్య తెగిందో కూడా చెప్పాడు. రోజుకింత అని ముందే మాట్లాడుకుంటే ఆటోనే నయం. ఊళ్ళలోకి ఆర్టీసీ బస్సులున్నాయి కానీ వాటి టైములు నమ్ముకుని ఈ పని చేయలేం.

ఇక రాళ్ళ సంగతి. ఈ తీరంలో మూడు పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అడుగున బూదవాడ ఇసుకరాయి, దాని మీద వేమవరం షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి), ఆ పైన పావులూరు ఇసుకరాయి. పావులూరు అంటే ఆంజనేయస్వామి గుడి ఉన్న, ఇంకొల్లు దగ్గరి పావులూరే. ఈ ప్రాంతాన్ని మొదట వివరంగా సర్వే చేసి రాసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లో పాతరాతియుగపు రాతి పనిముట్టు గుర్తించింది కూడా ఆయనే. ఈ తీరం మీద ఆయన నివేదిక 1879లో వచ్చింది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత గుంటూరులోకి, 1970లో సొంత జిల్లాలోకి వచ్చింది. 2022లో ఇంకొల్లు, పావులూరు బాపట్ల జిల్లాలో చేరాయి. జిల్లాల పేర్లు ఇన్నిసార్లు మారినా ఆ మూడు పొరల పేర్లు మాత్రం మారలేదు.

వేమవరం షేల్ చేత్తో పట్టుకుంటే పలచటి రేకులుగా విడిపోతుంది. ఒకచోట తెల్లగా, ఇంకోచోట లేత ఊదా రంగులో ఉంటుంది. ఒక బావి దిబ్బ దగ్గర మేము రేకులు విప్పి చూస్తుంటే ఆ చేను ఆసామి వచ్చాడు.

"ఏంది సార్, ఏం ఎతుకుతున్నారు?"

"పాతకాలం గవ్వల అచ్చులు ఉంటాయేమోనని పెద్దాయనా. మీరు సరేనంటేనే చూస్తాం."

"చూడండి, దాందేముంది. కానీ సముద్రం యాడో చీరాల కాడుంటే ఇక్కడ గవ్వలేంది సార్?"

అసలైన ప్రశ్న అదే. సుమారు 12, 13 కోట్ల ఏళ్ళ కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోతూ ఉంది. విడిపోయిన అంచు వెంబడి కొత్త సముద్రం లోపలికి వచ్చింది. ఇప్పుడు శనగ పండే ఈ చేలు అప్పుడు తీరానికి దగ్గరి బురద నేల. గట్టు మీది చెట్ల ఆకులు కొట్టుకొచ్చి ఆ బురదలో పడ్డాయి. సముద్రంలో ఈదిన అమ్మోనైట్లు చచ్చి అదే బురదలో మునిగాయి. అందుకే వేమవరం రాళ్ళలో సైకాడ్ (ఈతచెట్టులా కనిపించే పాతకాలపు మొక్క) లాంటి టిలోఫిల్లమ్ ఆకులూ, సముద్రపు గవ్వలూ కలిసి దొరుకుతాయి. నా మిత్రుడు ఇదంతా చెబుతుంటే ఆ పెద్దాయన మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నాడు. తర్వాత తన బావిలో ఎన్ని బారల లోతున తెల్లరాయి తగిలిందో, దాని కింద ఇసుకరాయి ఎక్కడ మొదలైందో తానే చెప్పాడు. పొరల లెక్కకి అంతకంటే మంచి సమాచారం మాకు ఇంకెక్కడా దొరకలేదు.

అమ్మోనైట్ అంటే చూడటానికి నత్తలా ఉన్నా నత్త జాతి కాదు. ఆక్టోపస్‌కీ, స్క్విడ్‌కీ దగ్గరి చుట్టం. చుట్టలు తిరిగిన గవ్వ లోపల అరలు అరలుగా గదులుంటాయి. జంతువు చివరి గదిలో ఉంటుంది. వెనక గదుల్లోని నీటిని ఒక సన్నటి గొట్టం ద్వారా లాగేసి, గాలి నింపుకుని తేలుతుంది. అమ్మోనైట్ల వంశం సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట మొదలైంది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట డైనోసార్లు పోయిన కాలంలోనే పూర్తిగా అంతరించింది. మన ఇళ్ళలో పూజించే సాలగ్రామాలు చాలావరకు ఇవే. నేపాల్‌లో కాళీగండకి నది ఒడ్డున నల్లటి ముద్దరాళ్ళలో దొరుకుతాయి. మా అమ్మాయికి ఆ సంగతి చెప్పగానే వాళ్ళ నాయనమ్మ పూజగదిలో పాలతో అభిషేకం చేసే రాయి గుర్తొచ్చింది. అప్పటిదాకా ఎండకి విసుక్కుంటున్న పిల్ల, ఆ తర్వాత దిబ్బ వదిలి రాలేదు.

శాస్త్రానికి వీటి విలువ అందంలో లేదు. అమ్మోనైట్లు చాలా వేగంగా మారిపోయాయి. ఒక్కో జాతి భూగర్భ కాలంలో కొద్దికాలమే బతికింది, కానీ ఆ కొద్దికాలంలోనే సముద్రాల మీదుగా చాలా దూరం వ్యాపించింది. అందుకని ఒక పొరలో ఫలానా అమ్మోనైట్ దొరికితే, ఎక్కడో వేల మైళ్ళ దూరంలోని పొరతో దాన్ని వయసు ప్రకారం జోడించవచ్చు. వేమవరంలో జరిగింది ఇదే. ఆకుల శిలాజాలు చూసినవాళ్ళు ఈ రాళ్ళు జురాసిక్ కాలానివన్నారు. మొక్కలు నెమ్మదిగా మారతాయి, వాటితో కాలం కచ్చితంగా చెప్పడం కష్టం. బూదవాడ అమ్మోనైట్లని పరిశీలించాక ఇవి ఆ తర్వాతి క్రెటేషియస్ కాలం తొలి భాగానికి చెందినవని తేలింది. ఒక చిన్న గవ్వ ఒక తీరం వయసు లెక్కనే మార్చింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు కోసం బోర్లు వేసేవాళ్ళకి కూడా పొరల వయసే ఆధారం. అక్కడి గ్యాసులో కొంత లోతున ఉన్న ఈ కాలపు షేల్ పొరల నుంచే పుట్టింది.

మాకు దొరికింది చాలా చిన్నది. రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దగా, నలిగి చదునైపోయిన అచ్చు. పక్కటెముకల్లాంటి గీతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. పైన పడిన బురద బరువుకి ఇక్కడ గవ్వలన్నీ అణిగిపోయాయి, అసలు గవ్వ కరిగిపోయి ముద్రే మిగిలింది. గదుల గోడలు బయటి గవ్వని తాకిన చోట ఏర్పడే మెలికల గీతలు జాతిని గుర్తుపట్టడానికి నిపుణులకి ముఖ్యమైన ఆధారం. మాకు దొరికిన దానిలో ఆ గీతలు కనిపించలేదు. అందుకే నా మిత్రుడు దానికి పేరు పెట్టలేదు. బావి ఎక్కడుంది, రేకు దిబ్బలో ఏ వైపు దొరికింది అన్నీ రాసుకుని, స్కేలు పెట్టి ఫొటోలు తీసి, కాగితంలో చుట్టి కాలేజీకి తీసుకెళ్ళాడు. ఎక్కడ దొరికిందో తెలియని అమ్మోనైట్‌తో శాస్త్రానికి ఏ పనీ లేదని ఆయన మా అమ్మాయికి పదేపదే చెప్పాడు. నా అభిప్రాయమూ అదే. ఆన్‌లైన్‌లోనూ, రాళ్ళ షాపుల్లోనూ నునుపు పెట్టి అమ్మే అమ్మోనైట్లు ఎక్కువగా మడగాస్కర్ నుంచి వస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ మన నేల గురించి అవి ఏమీ చెప్పవు.

అరియలూరుతో పోలిస్తే? పిల్లలకి గవ్వ మొత్తం, గుండ్రంగా, చేతిలో పట్టేలా చూపించాలంటే అరియలూరే వెళ్ళండి. అక్కడ కారై దగ్గర ఎర్రటి, పసుపు మట్టి గుట్టల్లో రూపం చెడకుండా ఉంటాయి. అరియలూరు పక్కన వారణవాసిలో ప్రభుత్వ మ్యూజియం కూడా ఉంది. మన దగ్గర మ్యూజియం లేదు, గైడ్ లేడు, మంచినీళ్ళు కూడా మనమే మోసుకెళ్ళాలి. రాళ్ళని చదవాలన్న ఆసక్తి ఉన్నవాళ్ళకి మాత్రం బూదవాడ, వేమవరం ఎక్కువ ఇస్తాయని నా నమ్మకం. ఆకూ గవ్వా ఒకే రేకు మీద చూడటం మామూలు విషయం కాదు.

వెళ్ళేవాళ్ళు శనగ కోతలయ్యాక, ఫిబ్రవరి, మార్చిలో వెళ్ళండి. వానలప్పుడు రేగడి చెప్పులకి అంటుకుని అడుగు వేయనివ్వదు. ఆసామిని అడగకుండా చేలో కాలు పెట్టొద్దు, బావి గట్టు మీద సుత్తి వాడొద్దు. రాలి పడిన రేకులే చాలు. భోజనానికి అద్దంకిలో మెస్సులు బాగున్నాయి, గోంగూర పచ్చడితో పప్పన్నం వేడివేడిగా పెట్టారు. మధ్యాహ్నం ఆలస్యమైతే కూరలు అయిపోతాయి, రెండింటిలోపే చేరుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక ఊరి హైస్కూల్లో ఆగాం. సైన్సు మాస్టారు మా ఫొటోలు చూసి, పిల్లలని బావుల దగ్గరికి తీసుకెళ్తానన్నారు. నా మిత్రుడు మూడు పొరల బొమ్మ గీసి, ఏ రేకు ఎక్కడ వెతకాలో రాసిచ్చాడు. పిల్లలు తెచ్చే ప్రతి ముక్కకీ దొరికిన చోటు, లోతు, తేదీ రాయించే బాధ్యత మాస్టారు తీసుకున్నారు. రాసినవి కాలేజీకి పంపితే చూసి చెబుతానని మా మిత్రుడు మాటిచ్చాడు.