అడ్మిన్ లాగిన్ చేతికి రాకుండా వెబ్‌సైట్‌కి పూర్తి డబ్బు ఇవ్వకండి

గంట కిందట జరిగింది, చేతులు ఇంకా వణుకుతున్నాయి. మన చీరల గ్రూపుల్లో రోజూ పోస్టులు పెట్టే ఆ వెబ్‌సైట్లు చేసిచ్చే అతనే, పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. పోయిన ఏడాది మంగళగిరి చీరలకు సైట్ చేయమని 35,000 ఇచ్చాను. "మా సొంత సాఫ్ట్‌వేర్ మేడమ్, మేమే రాసుకున్నాం" అంటే నమ్మాను.

ఇప్పుడు శ్రావణమాసం స్టాక్ వచ్చింది, సైట్లో యూపీఐతో డబ్బు తీసుకునే ప్లగిన్ (సైట్‌కి అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) వేయమంటే, ముందు సీఎంఎస్, అంటే సైట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, లైసెన్స్ రెన్యువల్ 18,000 కట్టమన్నాడు. మా అక్క కొడుకు చూసి, లాగిన్ అడ్రస్‌లో డబ్ల్యూపీ-అడ్మిన్ అని ఉంది పిన్నీ, ఇది వర్డ్‌ప్రెస్ అన్నాడు. 2003 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్ అది, దానికి లైసెన్స్ ఫీజే లేదు. చీరలు అమ్మే వూకామర్స్ భాగమూ ఉచితమే. డొమైన్‌కి (సైట్ పేరు), హోస్టింగ్‌కి (సైట్ ఉండే సర్వర్ అద్దె) ఏటా కట్టాలి, అది నేను కాదనలేదు.

ఫోన్ చేసి, "ఇది వర్డ్‌ప్రెస్ కదా బాబూ, లైసెన్స్ ఏంటి?" అని అడిగా. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత గొంతు పెంచి, "చీరలు మీరు చూసుకోండి, టెక్నికల్ విషయాలు మీకెందుకు? చెప్పినా అర్థం కావు" అన్నాడు. సరే, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వు, వేరేవాళ్లతో చేయించుకుంటా అన్నా. కట్ చేశాడు. పది నిమిషాల్లో సైట్ లేదు.

212 చీరలు. ఒక్కో కొంగూ పొద్దుటి వెలుతురులో డాబా మీద పరిచి నేనే ఫొటోలు తీశా, నూలు కౌంటు, అంచు వెడల్పు రాత్రిళ్లు కూర్చుని టైప్ చేశా. ఫొటోలు సర్వర్ ఫోల్డర్లో, రాసినవీ ధరలూ డేటాబేస్‌లో, ఆ రెండూ అతని హోస్టింగ్‌లో. డొమైనూ అతని పేరు మీదే. నాకిచ్చింది షాప్ మేనేజర్ లాగిన్, దాంతో ధర మార్చొచ్చు, ఆర్డర్లు చూడొచ్చు, అంతే. ప్లగిన్స్ అనే మెనూ నాకెందుకు కనిపించదని ఏడాదిలో ఒక్కసారైనా అడగలేదు, ఆ తప్పు నాదే.

డొమైన్ మీ ఈమెయిల్‌తో మీరే కొనండి, హోస్టింగ్ బిల్లు మీ పేరున రావాలి, అడ్మినిస్ట్రేటర్‌గా మీరే లోపలికి వెళ్లి చూశాకే చివరి వాయిదా ఇవ్వండి. నెలకోసారి బ్యాకప్ (సైట్ మొత్తం కాపీ) మీ కంప్యూటర్లోకి దించుకోండి.

వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది రోజులే ఉంది. డబ్బు కట్టేసిన పదకొండు మంది అడ్రసులు ఆ సైట్లోనే ఉండిపోయాయి. ఈ వారం నా దగ్గర ఆర్డర్ పెట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి వాట్సాప్‌లో అడ్రస్ మళ్లీ పంపండి.