పిడికిలితో కొలిచిన చంద్రుడు: ఖగోళశాస్త్రం తొలి కోర్సు, ఏడాది తరవాత

2024లో ఈ కోర్సులో చేరిన రెండో వారంలోనే స్నేహితులందరికీ చెప్పేశాను: ఇంకేమీ ఆలోచించకుండా చేరిపొమ్మని, టెలిస్కోపు రాత్రుల కోసమైనా చేరమని. అప్పటికి నేను టెలిస్కోపులో చూసింది ఒక్క శనిగ్రహాన్నే. ఆ వలయం కళ్లలో పడిన ఉత్సాహంలో అన్న మాట అది. నా మాట నమ్మి ఇద్దరు చేరారు కూడా. వాళ్లకు నేను బాకీ ఉన్న సవరణ ఇది.

మాది డాలస్ శివారు. అకౌంటింగు డిగ్రీ పూర్తి చేయడానికి ల్యాబు ఉన్న సైన్సు కోర్సు ఒకటి నాకు తప్పనిసరి అయింది. తెనాలిలో చదివిన బీకాం ఇక్కడ సైన్సు లెక్కలోకి రాలేదు. జీవశాస్త్రం అంటే కప్పలు కోయాలేమోనని భయం, రసాయనశాస్త్రం అంటే ఇంటర్‌లో వదిలించుకున్న పీడ మళ్లీ నెత్తికెక్కుతుందని భయం. అందరూ ఖగోళశాస్త్రం తేలిక అన్నారు. అంత తేలికేమీ కాదు. నిష్పత్తులు, ఘాతాంకాలు, కెప్లర్ మూడో నియమం (గ్రహం దూరానికీ, అది ఒక చుట్టు తిరిగే కాలానికీ ఉన్న లెక్క) అన్నీ ఉంటాయి. కాకపోతే కలన గణితం (కాల్క్యులస్) జోలికి పోరు.

గదిలో చేసే ల్యాబులన్నిటి గురించీ చెప్పను. సగం కంప్యూటర్ మీద బొమ్మలు జరపడమే. రెండు మాత్రం గుర్తుండిపోయాయి. చీకటి గదిలో హైడ్రోజన్ నింపిన గొట్టాన్ని వెలిగించి, వెలుగును రంగులుగా విడదీసే సన్నటి గీతల పొర బిగించిన కళ్లద్దాల్లోంచి చూడమన్నారు. గులాబీ రంగు వెలుగు కాస్తా విడివిడి గీతలైపోయింది, ఎర్రది ఒకటి కొట్టొచ్చినట్టు. ఏ మూలకం గీతలు దానివేనట. సూర్యుడిలో ఏముందో అక్కడికి వెళ్లకుండా ఎలా చెబుతారన్న నా చిన్ననాటి సందేహం అయిదు నిమిషాల్లో తీరింది. రెండోది కోణమాని, శీతల పానీయం గొట్టం, దారం, దానికి వేలాడే ఒక నట్టుతో చేసుకున్న పరికరం. దాంతో ధ్రువనక్షత్రం ఎత్తు కొలిస్తే మన అక్షాంశం వస్తుంది. నాకు 34 వచ్చింది, రావలసింది 33. తెనాలిలో అయితే ధ్రువుడు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే మా పెరట్లో కొబ్బరిచెట్ల వెనక. చిన్నప్పుడు ఎంత వెతికినా ఎందుకు కనిపించలేదో ఇప్పుడు తెలిసింది.

ఇక అసలు సంగతి. కోర్సులో ఎవరికీ ఇష్టం లేని భాగం ఒకటుంది: చంద్రుడి నోటుబుక్కు. నెల రోజుల పాటు ఒకే చోట నిలబడి, వీలైనంతవరకు ఒకే వేళకు చంద్రుణ్ణి చూసి, ఆకారం గీసి, దిక్కు రాసి, దగ్గరలో ఉన్న ప్రకాశమైన చుక్కకు ఎంత దూరంలో ఉన్నాడో కొలవాలి. కనీసం పదిహేను సార్లు. కొలత సాధనం మన చెయ్యే. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. టెలిస్కోపులున్న కాలేజీకి డబ్బు కట్టి పిడికిళ్లతో కొలవడమేమిటని నేనూ గొణిగాను. పైగా మొదటి వారంలో సగం మబ్బులకే పోయింది.

నవంబరులో రాత్రి ఏడింటికి మా అపార్ట్‌మెంటు పార్కింగు స్థలంలో నిలబడేదాన్ని. తెనాలిలో అప్పుడు తెల్లవారి ఆరున్నర. కార్తీకమాసం కనక అమ్మ అప్పటికే స్నానం చేసి దీపం పెట్టేసి, ఫోనులో నా ముఖం చూడాలని సిద్ధంగా ఉండేది. మొదటి రోజు ఆమెకు కనిపించింది ఆకాశం వైపు చాచిన నా పిడికిలి.

"ఏమిటే అది? ఎవరి మీదికి?"

సంగతి చెప్పాను. చంద్రుడు రోజుకు ఎంత దూరం జరుగుతాడో లెక్కకట్టాలని, సగటున పదమూడు డిగ్రీల పైచిలుకు రావాలని అన్నాను.

"రోజుకో నక్షత్రం జరుగుతాడు. అంతకు మించి ఇంకేం కొలుస్తావు?"

ఫోను పెట్టేశాక అక్కడే నిలబడి 360ని 27తో భాగించాను. 13 డిగ్రీల 20 నిమిషాలు. అశ్విని, భరణి, కృత్తిక అంటూ ఎక్కాల్లా బట్టీపట్టిన పట్టిక ఆకాశం మీద చంద్రుడికి వేసిన మైలురాళ్ల వరస అని నలభై మూడేళ్ల వయసులో, టెక్సాస్‌లో, కార్ల మధ్య నిలబడి తెలుసుకున్నాను. జాతకాల జోలికి నేను పోను. కానీ ఆ రాత్రి నుంచి నోటుబుక్కు ఇంటిపనిలా అనిపించలేదు.

పదో తేదీన చంద్రుడు శనికి ఎంత దగ్గరగా వచ్చాడంటే మధ్యలో చిటికెన వేలు కూడా పట్టలేదు. అక్కడి నుంచి లెక్క తప్పడం మొదలైంది. నా కొలతల్లో రోజుకు పద్నాలుగు, పదిహేను వస్తున్నాయి. చెయ్యి వంకర పోతోందనుకుని పిడికిలి బిగించి, వదులు చేసి, మోచెయ్యి చాచి మళ్లీ మళ్లీ కొలిచాను. చివరికి మా అధ్యాపకుడికి చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వారం చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నాడట (నవంబరు 14న అతి సమీపం), దగ్గరున్నప్పుడు వేగంగా కదులుతాడట, నెలాఖరుకు దూరం వెళ్లాక రోజుకు పన్నెండుకు పడిపోతాడు చూడు అన్నారు. అలాగే పడిపోయాడు. దగ్గరైతే వేగం, దూరమైతే నెమ్మది అనే కెప్లర్ రెండో నియమం పరీక్షలో రాసింది మరిచిపోయానేమో కానీ ఇది మరిచిపోలేదు. అమ్మకు చెబితే ఆమెకు వింతేమీ అనిపించలేదు. నక్షత్రాలన్నీ ఒకే నిడివి ఉండవు కదా, అందుకేగా పంచాంగంలో ఏ గడియకు మారుతుందో వేస్తారు అంది.

పదిహేనో తేదీ కార్తీక పౌర్ణమి. రేపు చంద్రుడు ఎక్కడ ఉంటాడో ముందే ఊహించి రాయాలన్నది నోటుబుక్కులో ఒక ప్రశ్న. ముందు రోజు అమ్మను ఊరికే అడిగాను.

"కార్తీక పౌర్ణమి నాడు కృత్తికల దగ్గర కాక ఇంకెక్కడ ఉంటాడే? మరి ఆ నెలకు ఆ పేరెందుకు పెట్టారు?"

చిత్తకు చైత్రం, విశాఖకు వైశాఖం, మఘకు మాఘం. అయిదో తరగతిలో చదివిందే. చదివినప్పుడు అది వాచకంలోని వాక్యం మాత్రమే.

రాత్రి తొమ్మిదికి కిందికి దిగాను. నిండు చంద్రుడి వెలుగులో కృత్తికలు కంటికి ఆనలేదు. ఎదురింటివాళ్లు పక్షులను చూడటానికి కొన్న బైనాక్యులర్ అడిగి తెచ్చుకున్నాను. చంద్రుడికి కాస్త ఎడంగా, తూర్పు వైపు, మంచులో మెరిసే ఆవగింజల్లా ఉన్నాయి. మధ్య దూరం మూడు చిటికెన వేళ్లు. పదిన్నరకు మళ్లీ వెళితే రెండు. అప్పటికి చంద్రుడు బాగా పైకెక్కాడు, మెడ పట్టేసింది. చాప తెచ్చి రెండు కార్ల మధ్య పరుచుకుని పడుకున్నాను. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగి, బైనాక్యులర్ తీసుకుని తానూ చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఒంటిగంట దాటాక చంద్రుడు కృత్తికలను ఆనుకున్నట్టే ఉన్నాడు, కొన్ని చుక్కలు ఆ వెలుగులో కలిసిపోయాయి. చంద్రుడు ఉదయించి అస్తమిస్తాడని ఎవరికైనా తెలుసు. అది భూమి తిరగడం. భూమి తిప్పుడు కాకుండా చంద్రుడి సొంత నడకను, ఒకే రాత్రిలో, నా కంటితో చూడటం అదే మొదలు.

ఇక్కడ కొంచెం తగ్గించి చెప్పాలి. అంత దగ్గరగా రావడం ఏటా జరిగే సంగతి కాదు. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు అయిదు డిగ్రీలు వాలి ఉంటుంది. రెండు దారులూ ఖండించుకునే బిందువులే మనవాళ్ల రాహుకేతువులు. అవి 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి కనక ఏ చుక్క పక్కనుంచి చంద్రుడు ఎంత ఎడంగా వెళతాడన్నది మారుతూ ఉంటుంది. నేను ఈ కోర్సులో మరో పదేళ్ల తరవాత చేరి ఉంటే ఇంత మురిపెం ఉండేది కాదేమో. మరుసటి ఏడాది కార్తీక పౌర్ణమికి, 2025 నవంబరు 5 రాత్రి, మళ్లీ చూశాను. కృత్తికలు దాదాపు పిడికిలి దూరంలో ఉన్నాయి. నెల పేరు నిలిచింది కానీ చాప పరవవలసిన అవసరం రాలేదు.

టెలిస్కోపు రాత్రుల మాటకొస్తే, లెక్క ఇది: ఇరవై నాలుగు మంది, మూడు టెలిస్కోపులు, ఒక్కొక్కరికి కంటికటకం దగ్గర నిమిషం. మిగతా సమయమంతా జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని వరసలో నిలబడటం. శని వలయం నిజంగానే అద్భుతం, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ నిమిషం తరవాత మనం చేసేదేమీ లేదు.

డిసెంబరు 5న గురుగ్రహం చూడవలసిన రాత్రి మా జట్టు చేసిన ఘనకార్యం, అంటే నేను చేసినది, కూడా చెప్పాలి. టెలిస్కోపు తనంతట తాను గ్రహం వైపు తిరగాలంటే ముందు ఊరు, తేదీ, సమయం నింపాలి. ఆ పని నాకు అప్పగించారు. జాగ్రత్తగా నింపాను. తరవాత గ్రహాల జాబితా తెరిస్తే గురుడి పేరు లేదు. తూర్పున, రోహిణికి కాస్త ఎడమగా, ఇంటి ముందు పెట్టిన దీపంలా వెలుగుతున్నాడు. రెండు రోజుల్లో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా రాబోతున్నాడు, ఏడాదిలో ఇంత బాగా కనిపించే రాత్రులు ఇవే. యంత్రం మాత్రం అలాంటివాడెవడూ ఆకాశంలో లేడంటోంది. తీగలు ఊడదీసి పెట్టాం. ఆపి మళ్లీ వేశాం. సమయం సరిచూశాం, ఊరు సరిచూశాం. పక్క జట్లు అప్పటికే బృహస్పతి ఉపగ్రహాల బొమ్మలు గీస్తున్నాయి. నలభై నిమిషాల తరవాత అధ్యాపకుడు వచ్చి తెర చూసి, మీరింకా మే నెలలోనే ఉన్నారే అన్నారు. తేదీ నేను మన పద్ధతిలో రోజు ముందు, నెల తరవాత నింపాను: 05, 12. యంత్రం మే 12 అనుకుంది. మేలో గురుడు సూర్యుడి పక్కనే ఉండి, సాయంత్రమే అస్తమించేశాడు. యంత్రం చెప్పింది అక్షరాలా నిజం.

సరిదిద్దేసరికి వేళ మించిపోయింది. మా జట్టులోని ఒక కుర్రాడు, నర్సింగు చదువుతున్నవాడు, బిగింపులు వదులు చేసి గొట్టాన్ని చేత్తోనే తూర్పుకు తిప్పాడు. ఆ కుదుపులోనే నాకు గురుడు, పక్కన ఒకే గీత మీద చుక్కలు కనిపించాయి. నలుగురం కలిసి ఒక బొమ్మ గీసి ఇచ్చాం. అందులో గీతలు తిన్నగా లేవని మార్కులు తగ్గాయి.

అయితే చేరవచ్చా? నాకు సరిపోయింది. నాకు సాయంత్రాలు ఖాళీ, ఇంట్లో పిల్లాడు పెద్దవాడు, అవతల తెల్లవారుజామున ఫోను ఎత్తే అమ్మ ఉంది. నాతో చేరిన ఇద్దరిలో ఒకామెకు చంటిపిల్ల. నెల రోజులు ఒకే వేళకు బయట నిలబడటం ఆమె వల్ల కాలేదు, నోటుబుక్కులో సగం కంప్యూటర్‌లో చూసి రాసుకుంది, కోర్సంతా విసుగని చెప్పింది. ఆమె మాటా అబద్ధం కాదు. మబ్బులు వీడని ఊళ్లో శీతకాలంలో చేరేవాళ్లకు కూడా నా అనుభవం పనికిరాకపోవచ్చు. టెలిస్కోపు కోసమే అయితే ఊళ్లోని ఔత్సాహికుల సంఘం వాళ్లు పార్కుల్లో పెట్టే రోజున వెళితే చాలు, మా క్లాసు వరస కంటే అక్కడ వరస చిన్నది. చేరేవాళ్లు మాత్రం చంద్రుడి నోటుబుక్కును ఆఖరి వారానికి వాయిదా వేయకండి, అమావాస్య దాటిన మూడో రోజున మొదలుపెట్టండి. తేదీ నింపే పని పక్కవాళ్లకు వదిలేయండి.