ఏఐ బ్రౌజర్‌కి ఏడాది ప్లాన్ కట్టబోతున్నారా? కాస్త ఆగండి

నేను ఇంటి దగ్గర్నుంచే మంగళగిరి చేనేత చీరలు అమ్ముతాను. 2025 సెప్టెంబరులో ఒక ఏఐ బ్రౌజర్ నా కార్డులోంచి 14,200 రూపాయల పైచిలుకు లాగేసింది. కంపెనీ పేరు రాయను, ఇంకా వాళ్లతో ఉత్తరాలు నడుస్తున్నాయి. కానీ ఎలా ఇరుక్కున్నానో చెప్తాను, ఈ రకం ప్లాన్లు అమ్మేది వాళ్లొక్కరే కాదు కాబట్టి.

దాని గురించి మా మరిది చెప్పాడు. "వదినా, నువ్వు చెప్తే చాలు, బ్రౌజరే సైట్లు తెరిచి, నొక్కి, నింపి, పని చేసి పెడుతుంది" అన్నాడు. దసరా సీజన్ ముందు చేతినిండా పని, ఆశ పుట్టింది. పేజీలో "నెలకు 11 డాలర్లు" అని ఇంత పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడనట్టు, "ఏడాది బిల్లు ఒకేసారి" అని ఉంది. మొదటి 7 రోజులు ఉచితం. ఆరో రోజు ఆపేద్దాంలే అనుకున్నాను.

11ని 12తో హెచ్చిస్తే 132 డాలర్లు. దాని మీద 18 శాతం జీఎస్టీ, డాలర్లలో కట్టినందుకు బ్యాంకు వేసే రుసుము, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ. అన్నీ కలిస్తే ఆ మొత్తం. కార్డు ఇచ్చేటప్పుడు ఒకసారి ఓటీపీ కొట్టాం కదా, ఆర్‌బీఐ నియమం ప్రకారం 15,000 రూపాయల లోపు అయితే డబ్బు తీసుకునేటప్పుడు మళ్లీ ఓటీపీ అడగక్కర్లేదు. 24 గంటల ముందు మెసేజ్ మాత్రం పంపాలి. పంపారు కూడా. ఆ రోజు వచ్చిన నలభై ఆర్డర్ మెసేజ్‌ల మధ్య అదీ ఒకటి, నేను చూడలేదు. ఆ తప్పు నాదే, దాచను.

డబ్బు పోతే పోయింది, పనైనా చేసిందా అంటే, వినండి.

మూడు సైట్లలో మంగళగిరి చీరల ధరలు చూసి పట్టిక వేయమన్నాను. ఇరవై నిమిషాలు తెర మీద బాణం గుర్తు అటూ ఇటూ తిరిగింది. నేను కూర్చుని చూస్తూనే ఉన్నాను, వదిలేసి వెళ్దామంటే ఎక్కడ ఏం నొక్కుతుందోనని టెన్షన్. చివరికి పట్టిక ఇచ్చింది. అందులో 700 రూపాయల పవర్‌లూమ్ చీర, 2,500 చేనేత చీర పక్కపక్కనే ఒకే సరుకులా ఉన్నాయి. మంగళగిరికి జీఐ (ఆ ఊరి సరుకుకే చెందే పేరు) గుర్తింపు ఉంది, చేనేత చీరకు హ్యాండ్‌లూమ్ మార్క్ ఇస్తారు, చేనేతా పవర్‌లూమూ వేరని కొట్లో కొత్తగా చేరిన పిల్లకైనా తెలుస్తుంది. ఆ పట్టిక నమ్మి ధర పెట్టి ఉంటే మగ్గం కూలి కూడా రాదు.

తర్వాత బెంగళూరు ఎగ్జిబిషన్‌కి తత్కాల్ టికెట్. ఏసీకి పొద్దున 10కి తెరుస్తారు. మన ఏజెంటు గారు (అంటే బ్రౌజర్‌లో మన బదులు నొక్కి పని చేసే ఏఐ) లాగిన్ దగ్గర క్యాప్చా, అదే మనిషో యంత్రమో తేల్చే వంకర అక్షరాలు, చూడగానే ఆగిపోయి "దయచేసి మీరు పూర్తి చేయండి" అన్నారు. చేశాను. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ఓటీపీ కూడా కావాలి కదా, అక్కడ మళ్లీ ఆగారు. ఈలోగా వెయిటింగ్ లిస్టు. జీఎస్టీ పోర్టల్‌లోనూ ఇదే కథ, మొదటి తలుపు దగ్గరే క్యాప్చా. మన దేశంలో పని అనేదంతా క్యాప్చాకీ ఓటీపీకీ మధ్యే ఉంటుంది. వీళ్లు అమ్మే ఏజెంటు సరిగ్గా ఆ రెండు చోట్లే చేతులెత్తేస్తుంది. ఎత్తేయాలి కూడా, ఓటీపీ దాని చేతికిస్తే ఇంకేమైనా ఉందా!

ఆ భయం ఊరికే కాదు. 2025 ఆగస్టులో బ్రేవ్ బ్రౌజర్ వాళ్లు పర్‌ప్లెక్సిటీ కంపెనీ వారి కామెట్ అనే ఇంకో ఏఐ బ్రౌజర్ మీద ఒక పరీక్ష చేసి చూపించారు. రెడిట్ అనే చర్చా సైట్‌లో ఒక కామెంటులో ఆదేశాలు దాచిపెట్టారు. వాడేవాళ్లు "ఈ పేజీ సారాంశం చెప్పు" అన్నారంతే, బ్రౌజర్ ఆ దాచిన మాటలను యజమాని ఆజ్ఞ అనుకుని వాళ్ల జీమెయిల్ తెరిచి, ఓటీపీ చదివి, బయటకు పంపేసింది. బ్యాంకు, మెయిల్ లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లో ఏజెంటును తిప్పకండి. నేను తిప్పాను, తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక కడుపు మండే సంగతి. అదే కామెట్ 2025 జులైలో నెలకు 200 డాలర్ల ప్లాన్ ఉన్నవాళ్లకే ఇచ్చారు. అక్టోబరు 2న, సరిగ్గా దసరా రోజున, అందరికీ ఉచితం చేసేశారు. మూడు నెలలు కూడా కాలేదు. అదే నెల 21న చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వారి అట్లాస్ బ్రౌజర్ మ్యాక్ కంప్యూటర్ల వాళ్లకు వచ్చింది, బ్రౌజర్ ఉచితం, ఏజెంటుకే డబ్బు. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లో కోపైలట్ అనే ఏఐ ఎలాగూ ఉంది. పేజీ సారాంశం, మెయిల్ చిత్తు రాసిపెట్టడం, నేను నిజంగా వాడుకున్నవి ఈ రెండే. రెండూ ఇప్పుడు ఊరికే దొరుకుతున్నాయి. ధరలు ఇలా నెలనెలా మారే సరుకుకి ఏడాది డబ్బు ముందే ఎవరైనా కడతారా? నేను కట్టాను. రోజంతా ఇంగ్లిష్ పరిశోధన పత్రాలు చదివేవాళ్లకు నెల ప్లాన్ గిట్టుబాటు అవుతుందేమో, కాదనను.

రీఫండ్ అడిగితే చాట్‌లో బాట్ జవాబిచ్చింది, ఏడాది ప్లాన్‌కి తిరిగివ్వరట. మీరే అనుమతిచ్చారు కదా అంది బ్యాంకు. ఆ మ్యాండేట్ (దానంతట అదే డబ్బు తీసుకోవడానికి కార్డు మీద ఇచ్చిన అనుమతి) మాత్రం బ్యాంకు సైట్‌లోనే రద్దు చేశాను, వచ్చే ఏడాది ఇంకోసారి డబ్బు పోకుండా. యాప్‌లో ప్లాన్ ఆపాం కదా అని ఊరుకోకండి, కార్డు వైపు కూడా ఆపండి. యూపీఐ ఆటోపే అయితే మీ యూపీఐ యాప్‌లోనే ఆ జాబితా ఉంటుంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. కేంద్రం 2023లో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లను మాయచేసే సైట్ల ఎత్తులు) సబ్‌స్క్రిప్షన్ ట్రాప్, అంటే ప్లాన్‌లో ఇరికించడం, ఒకటి, ఆ మాట రాసి స్క్రీన్‌షాట్లు జతచేశాను. బూడిద రంగు అక్షరాల ఫొటో కూడా.

ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. విదేశీ కంపెనీ దగ్గర ఏడాది ప్లాన్ డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ దారిన వెళ్లారో కాస్త రాయండి.